పంటు, పడవ, పెన్‌డ్రైవ్: పాత కంప్యూటర్‌కి ర్యామ్ నిజంగా పెరుగుతుందా?

పాలకొల్లులో మా పెద్దమ్మగారి అబ్బాయికి జిరాక్సు షాపు ఉంది. పేరుకి జిరాక్సే గానీ అసలు రాబడంతా శుభలేఖలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, గుడి ఉత్సవాల కరపత్రాల మీద. 2012లో కొన్న డెస్క్‌టాప్ అది. 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరు, తెలుగు అక్షరాలకి అనూ ఫాంట్లు. "ఇవి ఇందులో కుదురుగా పనిచేస్తున్నాయి, దీన్ని కదపను" అంటాడు. మాఘమాసంలో ముహూర్తాల రోజుల్లో ఒక మధ్యాహ్నం వెళ్ళాను. శుభలేఖ ప్రూఫు చూసుకోడానికి వచ్చిన పెద్దాయన స్టూలు మీద కూర్చుని కండువాతో విసురుకుంటున్నాడు. తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది.

"ఎంతసేపండీ?"

"ఆయ్, వచ్చేత్తందండి. తెరుచుకుంటంది."

ఆయన్ని పంపించేశాక అన్నయ్య నావైపు తిరిగాడు. "ఏరా, పెన్‌డ్రైవ్ పెడితే ర్యామ్ పెరుగుద్దంట కదా? వీడియోలో చూపించాడు." చూసి ఊరుకోలేదు, అప్పటికే 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టేశాడు. కంప్యూటర్ ప్రాపర్టీస్ తెరిచి చూస్తే ర్యామ్ దగ్గర మాత్రం అదే 2 జీబీ. "పెరగలేదేంట్రా?" అన్నాడు. కాసేపటికి పేజ్‌మేకర్ మూసి మళ్ళీ తెరిచాడు, ముందుకన్నా త్వరగా వచ్చింది. "ఇదిగో, పెరిగింది!" అన్నాడు.

అంకె మారలేదు, వేగం మారింది. ఇంతకీ ఏది నిజం? చిక్కుముడి ఇక్కడే ఉంది. దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్ళని నేను పెద్దగా నమ్మను.

అన్నయ్య చేసిన పరీక్ష మాత్రం చెల్లదు. ఏ ప్రోగ్రామైనా ఒకసారి తెరిచి మూసి వెంటనే మళ్ళీ తెరిస్తే రెండోసారి త్వరగానే వస్తుంది, పెన్‌డ్రైవ్ ఉన్నా లేకపోయినా. మొదటిసారి చదివిన ముక్కలు కొన్ని ర్యామ్‌లోనే మిగిలి ఉంటాయి కాబట్టి. వీడియోల్లో చూపించే "ముందు–తర్వాత" పోలికల్లో చాలా వాటికి ఈ లొసుగే ఉంటుంది.

## పాత చిట్కా మళ్ళీ ఎందుకు తిరుగుతోంది

ఇది పద్దెనిమిదేళ్ళు దాటిన చిట్కా. మళ్ళీ బయటికి రావడానికి రెండు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, వీటితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. చాలా పాత కంప్యూటర్లకి ఆ అర్హత లేదు. కొత్తది కొనలేనివాళ్ళు ఉన్నదాన్నే ఎలా లాక్కురావాలా అని వెతుకుతున్నారు.

రెండోది ర్యామ్ ధర. ప్రపంచంలో ర్యామ్ చిప్పుల తయారీ ముఖ్యంగా మూడు కంపెనీల చేతుల్లో ఉంది: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకి కావలసిన మెమరీ కోసం ఈ కంపెనీలు తమ ఉత్పత్తిని అటు మళ్ళించడంతో 2025 చివర్లో మామూలు ర్యామ్ ధరలు ఎగబాకాయి. క్రూషియల్ పేరుతో సాధారణ కొనుగోలుదారులకి ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ ఆ డిసెంబరులోనే ప్రకటించింది. ర్యామ్ కర్ర (ర్యామ్ చిప్పులు అతికించిన సన్నని పలక) కొనలేం, సొరుగులో పెన్‌డ్రైవ్ ఉంది. ఆశ పుట్టడంలో వింతేముంది!

## ఒడ్డు మీద సరుకు, ఏటి అవతల సరుకు

పదాల సంగతి ముందు చూద్దాం. "మెమరీ" అనే ఒక్క మాటని మనం రెండు వేర్వేరు వస్తువులకి వాడేస్తాం. ఫోటోలు, పాటలు దాచుకునేది స్టోరేజీ, అంటే హార్డ్ డిస్క్, ఎస్ఎస్‌డీ (తిరిగే బిళ్ళలు లేకుండా చిప్పులతోనే నడిచే డిస్కు), పెన్‌డ్రైవ్. కరెంటు పోయినా అందులోది చెక్కుచెదరదు. ర్యామ్ అలా కాదు. ఇప్పుడు, ఈ క్షణాన చేస్తున్న పనికి కావలసినవి పరుచుకునే చోటు. కరెంటు పోతే ఖాళీ. ప్రాసెసర్ నేరుగా చెయ్యి పెట్టి తీసుకునేది ర్యామ్‌లోంచే. డిస్కులో ఉన్నది ముందు ర్యామ్‌లోకి రావాలి, ఆ తర్వాతే పని.

నరసాపురం రేవులో నిలబడ్డారనుకోండి. మీకు కావలసిన సరుకు అవతల సఖినేటిపల్లి ఒడ్డున ఉంది. బళ్ళనీ మనుషుల్నీ ఏరు దాటించే పెద్ద బల్లకట్టు, పంటు, కూడా అవతలే ఉంది. అది ఇటు రావాలి, దిగేవాళ్ళు దిగాలి, ఎక్కేవాళ్ళు ఎక్కాలి, అప్పుడు కదలాలి. ఒకసారి కదిలిందంటే మాత్రం కార్లు, మోటారుసైకిళ్ళు, కొబ్బరి బస్తాలు, మనుషులు, అన్నీ ఒక్క విడతలో దాటిపోతాయి. కాబట్టి పంటుతో బాధ మోతలో లేదు, ఎదురుచూపులో ఉంది. బస్తాలకి బస్తాలు తేవాలంటే దాన్ని మించింది లేదు. ఒక్కొక్క కొబ్బరికాయ కోసం ఒక్కొక్కసారి పంటెక్కాల్సి వస్తే మాత్రం సాయంత్రానికి ఏటిగట్టు మీదే కూలబడతాం.

హార్డ్ డిస్క్ అచ్చం పంటే. లోపల పళ్ళేల్లాంటి బిళ్ళలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటాయి. వాటి మీద ఒక సన్నని చెయ్యి అటూ ఇటూ జరుగుతూ చదువుతుంది. ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క చెయ్యి కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైన. అంతకుముందు చెయ్యి సరైన వరసకి జరగడానికి మరో 8, 9. మొత్తం 13 మిల్లీసెకన్లు అనుకుంటే, సెకనుకి 75 చిన్న ముక్కలు తేవడం గగనం. అదే డిస్కు ఒకేచోట వరసగా ఉన్న పెద్ద ఫైలుని సెకనుకి 80, 100 ఎంబీల చొప్పున అవలీలగా చదివేస్తుంది.

పెన్‌డ్రైవ్‌లో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు, అంతా చిప్పే. రేవులో కట్టేసిన చిన్న పడవ లాంటిది. ఎక్కిన మరుక్షణం కదులుతుంది గానీ ముగ్గురికి మించి పట్టరు. పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో అయితే ఎంత మంచి పెన్‌డ్రైవ్ అయినా సెకనుకి 30, 35 ఎంబీలు దాటడం కష్టం. పెద్ద ఫైళ్ళ దగ్గర హార్డ్ డిస్క్ దాన్ని తేలిగ్గా ఓడిస్తుంది. చిన్న చిన్న ముక్కల దగ్గర మాత్రం పడవదే గెలుపు.

మరి ర్యామ్? దానికి ఏరు దాటడమే లేదు. సరుకు మన అరుగు మీదే ఉంది. ర్యామ్ నుంచి ఒక ముక్క అందడానికి పట్టే కాలం సుమారు 100 నానోసెకన్లు, అంటే మిల్లీసెకనులో పదివేలో వంతు. పడవ ఎంత తొందరగా కదిలినా అరుగుతో సాటి రాదు.

## పెన్‌డ్రైవ్‌కి అప్పజెప్పే పని

విండోస్‌లో ఈ సదుపాయం పేరు రెడీబూస్ట్. 2007 జనవరిలో జనం చేతికొచ్చిన విండోస్ విస్టాతో మొదలైంది. అప్పట్లో విస్టాకి కనీసం 512 ఎంబీ ర్యామ్ కావాలన్నారు. ఇళ్ళల్లో ఉన్నవి చాలావరకు ఆ గీత మీద ఆపసోపాలు పడే యంత్రాలే.

రెడీబూస్ట్ చేసేదిదీ. మీరు తరచూ వాడేవాటిని సూపర్‌ఫెచ్ అనే మరో సదుపాయం గమనిస్తూ ఉంటుంది. విండోస్ 10లో దీని పేరు సిస్‌మెయిన్. డిస్కులో ఉన్న ఆ ముక్కలకి నకళ్ళు తీసి రెడీబూస్ట్ పెన్‌డ్రైవ్‌లో ఒక పెద్ద ఫైలుగా దాచిపెడుతుంది. తర్వాత ఎప్పుడైనా ఆ ముక్క కావలసి వచ్చి, అది ర్యామ్‌లో లేకపోతే, విండోస్ ఒక లెక్క వేసుకుంటుంది. అడిగింది అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కా? అయితే పడవ. వరసగా ఉన్న పెద్ద సరుకా? అయితే పంటే మేలు, డిస్కు నుంచే చదువుతుంది. ఇలా దగ్గరి చోట నకలు ఉంచుకోవడాన్నే క్యాష్ అంటారు. మన షాపుల్లో ఈ మాట వినగానే గల్లాపెట్టె గుర్తొస్తుంది గానీ, ఆ క్యాష్ వేరు, ఈ క్యాష్ వేరు.

అంటే పెన్‌డ్రైవ్ ర్యామ్‌లో భాగం కాలేదు. డిస్కుకి తోడుగా నిలబడింది, అంతే. ప్రాపర్టీస్‌లో 2 జీబీ అంకె కదలకపోవడానికి కారణం ఇదే. అది కదలకూడదు కూడా.

నకలు అన్నమాటలోనే ఇంకో భరోసా ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ప్రతి ముక్కకీ అసలు డిస్కులో ఉంటుంది. ఎవరైనా పొరపాటున లాగేసినా పని పోదు, వేగం తగ్గుతుందంతే. లోపల దాచింది 128 బిట్ల ఏఈఎస్ పద్ధతిలో గుప్తీకరించి ఉంటుంది గనక, ఆ పెన్‌డ్రైవ్ వేరేవాళ్ళ చేతిలో పడినా మన ఫైళ్ళు చదవలేరు. విస్టాలో ఆ తాళంచెవి కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ కొత్తగా తయారయ్యేది. దాంతో రాత్రి నింపుకున్న క్యాష్ పొద్దున్నకి పనికిరాకుండా పోయేది.

## శుభలేఖ తెరవడానికి ఎంత సేపు: ఒక లెక్క

అన్నయ్య కంప్యూటర్‌లో పేజ్‌మేకర్, దాంతోపాటు వందల ఫాంట్ల ఫైళ్ళు తెరవడానికి 4 కేబీ సైజున్న చిన్న ముక్కలు 3,000 చదవాలనుకుందాం. ఇది లెక్క కోసం నేను అనుకున్న సంఖ్య. అసలుది ఎక్కువ కావచ్చు, తక్కువ కావచ్చు. పోలిక మాత్రం మారదు.

హార్డ్ డిస్క్ నుంచి ఒక్కొక్కటి విడివిడిగా తెస్తే ముక్కకి 13 మిల్లీసెకన్లు. మూడు వేల ముక్కలకి 39 సెకన్లు. పెద్దాయన కండువాతో విసురుకున్నది ఈ 39 సెకన్లే.

పెన్‌డ్రైవ్‌కి రెడీబూస్ట్ పెట్టిన కనీస అర్హత, 4 కేబీ ముక్కల్ని సెకనుకి 2.5 ఎంబీల చొప్పున చదవగలగడం. అంటే సెకనుకి 600 పైచిలుకు ముక్కలు. మూడు వేలూ అందులోనే దొరికితే ఐదు సెకన్లలో పని అయిపోతుంది. అన్నీ దొరకవు, సగమే దొరికాయనుకోండి. 1,500 ముక్కలకి రెండున్నర సెకన్లు, మిగతా 1,500కి డిస్కులో 19.5 సెకన్లు, వెరసి 22. అయినా 39 కంటే నయమే కదా. అవే ముక్కలు ర్యామ్‌లో ఉంటే మొత్తం కలిపి కొద్ది మిల్లీసెకన్లకి మించి పట్టదు.

ఇప్పుడు లెక్క తిరగేద్దాం. తెరవాల్సింది 700 ఎంబీల పెళ్ళి వీడియో. హార్డ్ డిస్క్ సెకనుకి 80 ఎంబీల చొప్పున తొమ్మిది సెకన్లలో చదువుతుంది. యూఎస్‌బీ 2.0 పెన్‌డ్రైవ్ 25 ఎంబీల చొప్పున 28 సెకన్లు తీసుకుంటుంది. ఇక్కడ పెన్‌డ్రైవ్ జోక్యం చేసుకుంటే నష్టమే. అందుకే రెడీబూస్ట్ తప్పుకుంటుంది. ఫోటోలు, వీడియోలతో పనిచేసే స్టూడియోవాళ్ళు "మాకేం తేడా తెలియలేదు" అంటారు, శుభలేఖలు, కరపత్రాలు కూర్చే డీటీపీ షాపువాళ్ళు "తేడా ఉంది" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

## "ర్యామ్ పెరిగింది" అనే మాటలో కొంత నిజం ఎక్కడుంది

ర్యామ్ నిండిపోతే కంప్యూటర్ ఆగిపోదు. ప్రస్తుతం చూడని ప్రోగ్రాము తాలూకు ముక్కల్ని తీసి డిస్కులో పేజ్ ఫైలు అనే చోట పడేస్తుంది. మళ్ళీ ఆ ప్రోగ్రాము మీద క్లిక్ చెయ్యగానే ఆ ముక్కలన్నీ వెనక్కి తెచ్చుకోవాలి. బ్రౌజర్ నుంచి పేజ్‌మేకర్‌కి వచ్చేసరికి తెర తెల్లబోయి, డిస్కు లైటు ఆగకుండా వెలుగుతుందే, అప్పుడు జరుగుతున్నది ఇదే. ఇలా వెనక్కొచ్చేవి చాలావరకు చిన్న ముక్కలే, చెల్లాచెదురుగా ఉన్నవే. పడవకి తగిన సరుకు.

ఈ ముక్కలకీ రెడీబూస్ట్ నకళ్ళు ఉంచుతుంది. కాబట్టి ర్యామ్ చాలనప్పుడు పడే శిక్ష కొంత తగ్గుతుంది. ర్యామ్ పెరగలేదు గానీ, దాని కొరత వల్ల నొప్పి కాస్త తగ్గింది. చూసేవాడికి పెరిగినట్టే అనిపిస్తే తప్పు పట్టలేం. అయితే ర్యామ్‌లోంచి బయటికి పోయే ముక్కని డిస్కులో రాయక తప్పదు, నకలు దానికి అదనం. అంటే రాయడంలో కలిసొచ్చేదేమీ లేదు, చదవడంలోనే.

"అసలు ఆ పేజ్ ఫైలునే పెన్‌డ్రైవ్‌లో పెట్టేస్తే?" అని అడిగే చురుకైన కుర్రాళ్ళుంటారు. లాగేస్తే ఊడిపోయే డ్రైవుల మీద పేజ్ ఫైలుని విండోస్ పెట్టనివ్వదు. విండోస్‌కి బదులుగా కొందరు వాడే లైనక్స్‌లో స్వాప్ పేరుతో పెట్టుకోవచ్చు. కానీ అక్కడ ఉన్నది నకలు కాదు, అసలే. పని మధ్యలో ఎవరైనా పెన్‌డ్రైవ్ లాగితే, అందులో ముక్కలున్న ప్రోగ్రాములు కుప్పకూలతాయి. పాటలు ఎక్కించుకోడానికి పిల్లలు ఏ పోర్టులోది పడితే అది లాగేసే ఇళ్ళల్లో ఈ ప్రయోగం వద్దనే అంటాను. పైగా ఫ్లాష్ చిప్పులో ఒక్కో గడిని ఇన్నిసార్లే చెరిపి రాయగలం. స్వాప్ అంటే రోజంతా రాతే, చౌక పెన్‌డ్రైవ్ అరిగిపోతుంది. లైనక్స్‌లో ఇంతకన్నా మంచి దారి జడ్‌ర్యామ్. ర్యామ్‌లోనే కొంత చోటుని కుదించిన ముక్కలకి కేటాయిస్తుంది, ఏరు దాటే పనే లేకుండా. విండోస్ 10 కూడా తనంతట తనే ఇలాంటి కుదింపు చేసుకుంటుంది.

## పనిచేస్తుందన్నవాళ్ళూ, దండగన్నవాళ్ళూ

విస్టా వచ్చిన కొత్తలో బాగా ప్రచారంలోకొచ్చిన ఒక పరీక్ష ఫలితం రెండు పక్షాలవాళ్ళూ ఎత్తిచూపుతారు. 512 ఎంబీ ర్యామ్ ఉన్న యంత్రంలో ఒక పనికి 11.7 సెకన్లు పట్టింది. 1 జీబీ రెడీబూస్ట్ జోడిస్తే 2 సెకన్లకి దిగింది. సమర్థించేవాళ్ళు ఇక్కడ ఆపేస్తారు. అదే యంత్రంలో పెన్‌డ్రైవ్ తీసేసి ర్యామ్‌ని 1 జీబీకి పెంచితే 0.8 సెకనులో అయింది. దండగ అనేవాళ్ళు ఇక్కడ మొదలెడతారు. రెండు వాక్యాలూ కలిపి చదివితే తగువే లేదు: ర్యామ్ చాలా తక్కువ ఉన్నప్పుడు పెన్‌డ్రైవ్ లాభం చూపిస్తుంది, అసలు ర్యామ్ అంతకన్నా ఎక్కువ చూపిస్తుంది.

ర్యామ్ పెరిగేకొద్దీ తేడా కరిగిపోతుంది. కావలసిన ముక్కలు ఎలాగూ అరుగు మీదే ఉంటే, రేవులో పడవ ఉంటేనేం, లేకుంటేనేం? 512 ఎంబీ కాలానికి పుట్టిన ఉపాయాన్ని 8 జీబీ యంత్రం మీద పరీక్షించి "మోసం" అనడమూ, ఆనాటి ఫలితాన్ని ఈనాటి లాప్‌టాప్‌కి అంటగట్టి "అద్భుతం" అనడమూ రెండూ అన్యాయమే.

ఆలోచన తప్పు కాదనడానికి సాక్ష్యం, పెద్ద కంపెనీలు ఇదే దారిలో మళ్ళీ మళ్ళీ నడవడం. ఇంటెల్ 2007లో టర్బో మెమరీ తెచ్చింది, 2017లో ఆప్టేన్ మెమరీ తెచ్చింది. రెండూ నెమ్మది డిస్కు పక్కన వేగమైన చిన్న చిప్పు పెట్టడమే. ఆప్టేన్ వ్యాపారాన్ని చుట్టేస్తున్నట్టు 2022లో ఇంటెల్ ప్రకటించింది. ఈలోగా ఎస్ఎస్‌డీలు చౌకైపోయాయి. మామూలు సాటా ఎస్ఎస్‌డీ ఒక చిన్న ముక్కని 0.1 మిల్లీసెకను ప్రాంతంలో అందిస్తుంది. మన 3,000 ముక్కలకి 0.3 సెకను. వంతెన పడ్డాక రేవులో పంటుకీ పడవకీ పోటీ ఏముంటుంది?

## ఏ పెన్‌డ్రైవ్ పడితే అది పనికిరాదు

చదవడంలో కనీసం 2.5 ఎంబీలు అని చెప్పానే, రాయడానికీ ఒక గీత ఉంది: 512 కేబీ ముక్కల్ని సెకనుకి 1.75 ఎంబీల చొప్పున రాయగలగాలి. పెన్‌డ్రైవ్ పెట్టగానే విండోస్ ఈ పరీక్ష పెడుతుంది. అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ, పెట్టె మీద "100 ఎంబీ వేగం" అని రాసుకున్నవి కూడా ఇక్కడ తప్పుతుంటాయి. ఆ వంద పెద్ద ఫైళ్ళు వరసగా చదివే వేగం, చిల్లర ముక్కల వేగం కాదు. తక్కువ ధరకి "2 టీబీ" అని సంతల్లోనూ ఆన్‌లైన్‌లోనూ తిరిగే వాటి గురించి చెప్పక్కర్లేదు. లోపల చిన్న చిప్పు పెట్టి, సైజు మాత్రం పెద్దదిగా చెప్పేలా చేసినవవి.

సైజు పెద్దదైతే లాభం పెద్దదనుకోవడమూ పొరపాటే. మైక్రోసాఫ్ట్ సూచించింది ర్యామ్‌కి సమానం నుంచి రెండున్నర రెట్ల వరకు. 2 జీబీ ర్యామ్‌కి 2 నుంచి 5 జీబీ. లోపల దాచేదాన్ని కుదిస్తుంది కాబట్టి మామూలుగా దానికి రెట్టింపు సరుకు పడుతుంది. విస్టాలో 4 జీబీకి మించి కేటాయించే వీల్లేదు. విండోస్ 7 నుంచి ఒక్కోటి 32 జీబీ చొప్పున ఎనిమిది డ్రైవుల దాకా, అంటే 256 జీబీ, అనుమతించారు. ఎనిమిది పెన్‌డ్రైవ్‌లు గుచ్చిన కంప్యూటర్‌ని నేనైతే ఇంతవరకు చూడలేదు.

## ఫోన్ డబ్బా మీద "8+8"

ఇదే తికమక ఇప్పుడు ఫోన్లలోకి వచ్చింది. "8 జీబీ ర్యామ్ ప్లస్ 8 జీబీ వర్చువల్ ర్యామ్" అంటే 16 జీబీ కాదు. ఆ రెండో ఎనిమిది, ఫోన్ స్టోరేజీలోంచి స్వాప్ కోసం పక్కన పెట్టిన చోటు. ఫోన్ స్టోరేజీ పెన్‌డ్రైవ్ కన్నా చాలా వేగమైనదే గానీ ర్యామ్ కాదు. వెనకాల పడున్న యాప్‌లు మూసుకుపోకుండా కొంత ఆదుకుంటుంది, ఆడుతున్న ఆటని వేగం చెయ్యదు. అంకెలు కూడి చెప్పే అమ్మకందారు మాటని ఒకటికి రెండుసార్లు వినండి.

## మూడు యంత్రాలు, మూడు జవాబులు

భీమవరంలో రొయ్యల మేత అమ్మే కొట్టులో ఒక లాప్‌టాప్ ఉందనుకోండి. 4 జీబీ ర్యామ్, విండోస్ 10, నిమిషానికి 5,400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్. ఖాతాలు రాసే టాలీ, బ్రౌజర్, వాట్సాప్ వెబ్ కలిపి నడుస్తుంటాయి. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్కు 100 శాతం దగ్గర అతుక్కుపోయి కనిపిస్తుంది, మెమరీ 85 శాతం. ఈ డిస్కులో ఒక్కో చిన్న ముక్కకి 17 మిల్లీసెకన్ల పైనే. ఇక్కడ మంచి పెన్‌డ్రైవ్ కొంత తేడా చూపించవచ్చు. కానీ జబ్బు డిస్కుది. డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెడితే కలిగే తేడా ముందు అది లెక్కలోకే రాదు.

రెండోది, కాకినాడలో ఇంజినీరింగ్ చదివే అమ్మాయి లాప్‌టాప్. 8 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, ఎస్ఎస్‌డీ ఉంది. ఆండ్రాయిడ్ స్టూడియోతోపాటు బ్రౌజర్‌లో యాభై ట్యాబులు తెరిచేసరికి నీరసపడుతోంది. నిజంగా ర్యామ్ కొరతే ఇది. పెన్‌డ్రైవ్ ఏమీ చెయ్యలేదు. ఎస్ఎస్‌డీ అప్పటికే దానికన్నా వేగం కాబట్టి విండోస్ రెడీబూస్ట్‌ని ఒప్పుకోదు.

మూడోది అటక మీది నెట్‌బుక్, అంటే బుల్లి లాప్‌టాప్. ఆటమ్ ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్. ఆ కాలపు ఆటమ్ బోర్డులు చాలావరకు 2 జీబీకి మించి ఒప్పుకోవు. సరిపోయే ర్యామ్ కర్ర దొరక్క, దాని మీద డబ్బు పెట్టడానికి మనసొప్పక, పిల్లలు టైపింగ్ నేర్చుకుంటే చాలనుకుంటే, ఉత్తినే పడున్న పెన్‌డ్రైవ్‌కి ఇంతకన్నా మంచి ఉద్యోగం దొరకదు.

దుమ్ము పట్టి ప్రాసెసర్ వేడెక్కుతున్న యంత్రం, వైరస్ పట్టిన యంత్రం, చెడిపోవడానికి సిద్ధంగా ఉన్న డిస్కు, వీటిలో దేనికీ ఇది మందు కాదు. అన్నయ్య విండోస్ 7 సంగతీ అంతే. దానికి మామూలు భద్రతా సవరణలు 2020 జనవరి 14తో ఆగిపోయాయి, వేగం పెంచినంత మాత్రాన అది పదిలం కాదు. అందుకే బ్యాంకు పనులు దాంట్లో చెయ్యొద్దని చెప్పాను.

## క్యాబినెట్ విప్పాక

చివరికి ఒక ఆదివారం షట్టర్ సగం దించి క్యాబినెట్ విప్పాం. ర్యామ్ కర్ర లాగితే బంగారు రంగు పళ్ళ మీద నల్లటి మరకలు. సముద్రం అంత దూరం లేదు, పదమూడేళ్ళ తేమ. షాపులో ఉన్న పెన్సిల్ రబ్బరుతోనే మెల్లగా రుద్ది తుడిచాం. పక్కన ఖాళీగా ఉన్న గాట్లోకి, మా ఇంట్లో చచ్చిపోయిన కంప్యూటర్‌లోంచి తెచ్చిన మరో 2 జీబీ డీడీఆర్3 కర్ర దిగింది. అంతకుముందు తరం డీడీఆర్2 కర్రకీ దీనికీ నొక్కు వేరేచోట ఉంటుంది, బలవంతంగా నొక్కినా ఎక్కదు. వేసింది 4 జీబీ, విండోస్ 32 బిట్లది కావడంతో వాడుకోగలిగింది 3 జీబీ పైచిలుకే. దానికే అన్నయ్య ముఖం వెలిగింది. హార్డ్ డిస్కులో ఉన్నదంతా చిన్న ఎస్ఎస్‌డీకి మార్చి, పాత డిస్కుని ఫైళ్ళు దాచుకోడానికి ఉంచాం.

పేజ్‌మేకర్ మీద క్లిక్ చేశాడు. టీ గ్లాసు అందుకునేలోపు తెరుచుకుంది.

అయినా మనిషికి ఆశ చావదు కదా. సొరుగులోంచి ఆ 32 జీబీ పెన్‌డ్రైవ్ తీసి మళ్ళీ పెట్టాడు. రెడీబూస్ట్ ట్యాబ్ తెరిచాడు. ఎంచుకోడానికి గడులేమీ లేవు, ఇంగ్లీషులో ఒక వాక్యం మాత్రం ఉంది.

"ఏమంటందిరా ఇది?"

"ఈ కంప్యూటర్ ఇప్పటికే వేగంగా ఉందట. నాతో పనిలేదు అంటోంది అన్నయ్యా."

ఒక నిమిషం ఆ వాక్యాన్ని చూశాడు. తర్వాత ఎవరిదో గృహప్రవేశం కార్డు అందులోకి కాపీ చేసి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, ఆఫ్‌సెట్ ప్రెస్సుకి బండి తీశాడు.